ముడుచుకోని తోక

స్టేషన్ గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. హిమబిందు చేతిగడియారం పదకొండూ నలభై మూడు అంటోంది. ఆమె తన గడియారాన్నే నమ్మింది. పోలీసు గడియారాల మీద ఆమెకున్న నమ్మకం, పోలీసుల మీద ఉన్న నమ్మకం కంటే ఎక్కువేమీ కాదు.

నాలుగ్గంటలకు ముద్దాయిని కోర్టుకు పంపేస్తానన్నాడు ఎస్సై. ఫిర్యాదు ఇచ్చిన మనిషి పరువు గల వ్యాపారి. కళ్లారా చూసిన సాక్షి ఉన్నాడు. అన్నిటికీ మించి ముద్దాయే ఒప్పుకుంటున్నాడు. ఇక ఒక ప్రైవేటు డిటెక్టివుకు ఇక్కడేం పని ఉందో తనకు అర్థం కావడం లేదని మర్యాదగానే చెప్పాడు. ఒప్పుకున్న తీరే తనకు నచ్చలేదని హిమబిందు కూడా అంతే మర్యాదగా చెప్పి, లాకప్పు ముందుకు కుర్చీ లాక్కుంది.

లోపల గోడకు ఆనుకుని కూర్చున్న పెద్ద ఈరన్నకు యాభై ఐదేళ్లుంటాయి. ఎమ్మిగనూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో గాలిబండ అని ఒక ఊరుంది. ఆ ఊరి గుట్ట మీద నలభై అడుగుల స్తంభానికి ఒక చిన్న గాలిమర. అది తిరిగితే మోటారు నడుస్తుంది, మోటారు నడిస్తే ఊరికి తాగునీళ్లు. మూడేళ్లుగా ఆ గాలిమరకు నూనె పోసి, బోల్టు బిగించి, రోజుకు రెండుసార్లు ముఖం చూసి వచ్చేవాడు ఈ ఈరన్నే. మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవై ఐదుకు ఆ గాలిమర అదుపు తప్పి తిరిగి, ఒక రెక్క విరిగి నూరు గజాల అవతల పడింది. ఆ ఊపుకు మిగతాదంతా స్తంభం మీద నుంచి ఊడి నేలకు వచ్చింది. కావాలని ఈరన్నే పాడుచేశాడన్నది కేసు.

"రెండుంబావుకు గుట్ట మీద ఏం చేస్తాండావప్పా?" అని అడిగింది హిమబిందు.

"రాసుకోండి మేడం. నేనే సేసినా."

"ఏం చేసినావు?"

"ఏం జరిగిందో అదే సేసినా."

ఎందుకు చేశావంటే కోపమన్నాడు. ఎవరి మీద అంటే కాసేపు ఆలోచించి, గుర్తులేదన్నాడు. హిమబిందుకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఆమె చూసిన వాళ్లంతా చేసింది చేయలేదని చెప్పేవాళ్లే. ఆ పనిలో ఆరితేరిన వాళ్లను చూసింది. చేయనిదాన్ని చేశానని చెప్పడానికి ఇంత అవస్థ పడే మనిషిని చూడటం ఇదే మొదటిసారి. పాపం, అబద్ధం ఆడటం ఈ మనిషికి చేతకాని విద్య.

అతని ఎడమ అరచేతికి గుడ్డకట్టు ఉంది. అదేమిటని అడిగితే చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పొయ్యి దగ్గర కాలిందన్నాడు. ఇంట్లో వంట నువ్వు చేస్తావా అని అడిగింది. పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. ఈరన్న తల వంచుకున్నాడు.

పన్నెండున్నర దాటాక ఆమె లేచింది. నాలుగు అడుగులు వేసేసరికి వెనక నుంచి ఈరన్న పిలిచాడు.

"మేడం, మీరు మా ఊరికి పోతారంట గదా. మా హంపి బువ్వ తినిందో లేదో రోంత కనుక్కోండి."

గంటసేపట్లో అతను తనంతట తాను అన్న మాట అదొక్కటే. హిమబిందు దాన్ని కాగితం మీద రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరం లేకుండానే అది ఆమెతో పాటు వచ్చింది.

బయట కారులో వాసుదేవ్ ఎదురుచూస్తున్నాడు. ముప్ఫై రెండేళ్లవాడు. కర్నూలులో ఇనుప సామాన్ల వ్యాపారి కేశవయ్యకు ఒక్కడే కొడుకు. దుకాణంలో కూర్చోమంటే కూర్చోకుండా, వెనక గోడౌన్లో ఆరేళ్లుగా చిన్న గాలిమరలు తయారుచేస్తున్నాడు. దారిపొడుగునా అతను చెప్పిందాంట్లో సగం టెక్నికల్ విషయాలు, సగం దిగులు. పెద్ద కంపెనీలు కొండల మీద ఆకాశమంత ఫ్యాన్లు పెడితే బ్యాంకులు వాళ్ల వెంట పడతాయి. ఊరికొకటిగా పెట్టే చిన్న గాలిమరకు అప్పిచ్చేవాడు లేడు. ఇది మంచిదని పరీక్షించి కాగితమిచ్చే చోటు దగ్గర్లో లేదు. బ్యాటరీలు తొందరగా చచ్చిపోతాయి. ఎక్కడో ఒకటి కూలితే, కొనాలనుకున్న పదిమంది వెనక్కి పోతారు. ఇన్నాళ్లకు పోయిన శనివారం ఢిల్లీ నుంచి పద్నాలుగు మంది అధికారులు వచ్చి గాలిబండలో చూసి మెచ్చుకున్నారు. సర్కారు ఒప్పుకున్న తయారీదారుల జాబితా రేపు శుక్రవారం వస్తుంది. అందులో పేరుంటేనే ఈ పని నిలుస్తుంది.

"యంత్రం దానంతటది విరిగిందంటే నా పేరు కొట్టేస్తారక్కా. ఎవరో పాడుచేసినారంటే కొట్టరు. అందుకే మా నాయన పరిగెత్తి పోయి ఈరన్న మీద ఫిర్యాదు ఇచ్చినాడు. నన్ను కాపాడాలని ఆయన ఆత్రం. కానీ ఈరన్నను జైలుకు పంపి వచ్చే పేరు నాకొద్దు."

కేశవయ్య తన ఫిర్యాదుకు బలంగా ఒక డిటెక్టివును కూడా పెట్టుకున్నాడు. తండ్రి ఒకరిని పెట్టుకుంటే కొడుకు ఊరుకుంటాడా, అతను హిమబిందును పెట్టుకున్నాడు. తండ్రి పెట్టుకున్న మనిషి పేరు దావీదురాజు. ఆ పేరు వినగానే హిమబిందు కారు అద్దం దించి, మళ్లీ ఎక్కించింది.

దావీదురాజు, హిమబిందు ఏడేళ్లు ఒకే గదిలో ఒకే బల్ల మీద పనిచేశారు. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర విడిపోయారు. ఇప్పుడు ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు ఆఫీసులు, రెండు బోర్డులు. టీ కొట్టు మాత్రం ఇప్పటికీ ఒక్కటే. తాగేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, కానీ ఒకరు రాకపోతే రెండోవాళ్లు టీ సగంలో వదిలేస్తారని కొట్టువాడు అందరికీ చెబుతాడు.

ఒంటిగంటా పదికి గుట్ట ఎక్కేసరికి అతను అక్కడే ఉన్నాడు. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు.

"రండి మేడంగారూ. వెతకడానికి మీకేమీ మిగల్చలేదు. ఏమనుకోకండి," అన్నాడు.

"నువ్వు వెతికిన చోట ఎప్పుడూ బాగానే మిగులుతుంది రాజూ," అంది హిమబిందు.

దావీదురాజు తన లెక్క అప్పజెప్పాడు. ఏసన్న అనే మేకల కాపరి పక్క వాలులో ఉన్నాడు. రెండూ పదికి ఈరన్న స్తంభం మొదట్లో ఉన్న చక్రాన్ని గబగబా తిప్పడం చూశాడు. స్తంభాన్ని కిందికి దించి, మళ్లీ లేపే ఇనుప తాడు ఆ చక్రానికే చుట్టి ఉంటుంది. అంత గాలిలో, రెక్కలు తిరుగుతుండగా, ఆ తాడు వదులు చేయకూడదని ఈరన్నకు అందరికంటే బాగా తెలుసు. తెలిసీ వదులు చేశాడంటే కూల్చడానికే. అంతకు రెండు నిమిషాల ముందు, రెండూ ఎనిమిదికి, యంత్రం నుంచి కరెంటు రావడం ఆగిపోయింది. ఆ సంగతి పెట్టెలో ఉన్న నమోదు చెబుతోంది. బరువు లేకుండా చేస్తే గాలిమర పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. అందుకే ముందు వైరు తీసేశాడు, తర్వాత తాడు వదిలాడు. నేరం, వరుస, సాక్షి, అన్నీ కుదిరాయి.

వినడానికి బాగానే ఉంది. దావీదురాజు చెప్పేవి ఎప్పుడూ వినడానికి బాగుంటాయి. హిమబిందు స్తంభం మొదట్లో ఉన్న ఇనుప పెట్టె దగ్గరికి పోయింది. తలుపు తీస్తే లోపలంతా మసి. మధ్యలో బెత్తెడు పిడి ఉన్న స్విచ్చి, కరిగి అలాగే అతుక్కుపోయి ఉంది. చేతిరుమాలుతో దాని చుట్టూ ఉన్న మసి తుడిచింది. రెండోసారి తుడిచేసరికి ఎర్ర పెయింటుతో రాసిన అక్షరాలు కనిపించాయి. పైన 'నడుపు', కింద 'ఆపు'. ఆ రాత వాసుదేవ్‌దేనట.

పిడి కిందికి ఉంది.

"ఇది లాగితే ఏమవుతుంది?" అని ఆమె వాసుదేవ్‌ను అడిగింది.

మూడు వైర్లు ఒకదానికొకటి కలిసిపోతాయని, లోపలి అయస్కాంతాలే రెక్కలను బిగబట్టి ఆపుతాయని చెప్పాడు వాసుదేవ్. అప్పుడు కరెంటు బయటికి రాదు కాబట్టి నమోదులో సున్నా పడుతుంది. వైరు ఊడదీస్తే మాత్రం సున్నా పడదు, వోల్టేజీ ఆకాశానికి పోతుంది. మామూలు గాలిలో ఈ స్విచ్చి లాగితే నిమిషంలో ఆగిపోవాలి. అప్పటికే మరీ వేగం అందుకుని ఉంటే మాత్రం ఆగదు, లోపలి తీగ చుట్టలే కాలిపోతాయి. పిడి కూడా కాలుతుంది.

"రాజూ, ఒక మనిషి ఒక యంత్రాన్ని చంపాలనుకుంటే, ముందు దాన్ని ఆపాలని చూస్తాడా? అదీ అరచెయ్యి కాలినా పిడి వదలకుండా?"

దావీదురాజు వంగి ఆ అక్షరాలను చూశాడు. తర్వాత చెవి మీద పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అతను ఆలోచనలో పడితే అలా చేస్తాడని హిమబిందుకు తెలుసు. ఆ అలవాటు ఇంకా పోనందుకు ఆమెకు ఎందుకో సంతోషం కలిగింది.

అయినా అతను తేలిగ్గా లొంగే రకం కాదు. ఆపాలనే చూశాడనుకుందాం, మరి అసలు అంత వేగం ఎందుకందుకుంది, అన్నాడు. నమోదు కాగితం విప్పి చూపించాడు. గాలి ఒంటిగంటా యాభైకి గంటకు నలభై కిలోమీటర్లు దాటింది. అక్కడ యంత్రం తనంతట తాను తగ్గాలి. తగ్గలేదు. రెండింటికి ఇంకా పెరిగింది. అంటే మీ కుర్రవాడి యంత్రంలోనే లోపముందని ఒప్పుకోండి, ఈరన్న బయటికొస్తాడు, కుర్రవాడి పేరు పోతుంది. ఏది కావాలో మీరే చెప్పండి.

హిమబిందు వాసుదేవ్ భుజం తట్టి, గాలి ఎక్కువైతే అది ఎలా తగ్గుతుందో తనకు మొదటి నుంచి చెప్పమంది.

వెనక ఉన్న రేకు తోకే దాని ప్రాణమన్నాడు వాసుదేవ్. మామూలు గాలిలో తోక వెనక్కి నిటారుగా ఉండి, రెక్కలను గాలికి ఎదురుగా తిప్పుతుంది. గాలి హద్దు దాటితే తోక పక్కకు ముడుచుకుంటుంది, రెక్కలు గాలికి ముఖం తిప్పేసుకుంటాయి, వేగం తగ్గిపోతుంది. తోకను పట్టుకున్న కీలు కాస్త వాలుగా ఉంటుంది. కాబట్టి ముడుచుకోవాలంటే తోక కొంచెం పైకి లేవాలి. అంటే గాలి దాని బరువును ఎత్తాలి. ఎంత గాలికి లేవాలో లెక్కగట్టి తోక సరిగ్గా ఏడు కిలోలు ఉండేట్టు చేశాడు. ఎక్కువ ఉండకూడదు, తక్కువ ఉండకూడదు.

తోక స్తంభానికి ముప్ఫై అడుగుల దూరంలో బండల మధ్య పడి ఉంది. హిమబిందు చెప్పులు విడిచి బండలు దిగింది. కీలు దగ్గర పట్టుకుని ఎత్తి చూసింది. చిన్న గేటు తలుపులా సాఫీగా తిరిగింది. తుప్పు లేదు, బిగుసుకోలేదు, నూనె ఇంకా తడిగానే ఉంది. ఈరన్న చేతి నూనె.

తోక కొసన రేకు మీద ఎర్రటి మరక ఉంది. దావీదురాజు పుస్తకంలో దాన్ని 'రక్తం?' అని రాసుకున్నాడు. ఆమె వేలితో తాకి వాసన చూసింది. కుంకుమ. దాని కింద పసుపు. పక్కనే తాడు ఒరుసుకుపోయిన గీతలు, ఆ గీతల్లో ఇరుక్కుని నాలుగైదు కొబ్బరి పీచులు. రేకు అడుగున చేయి పెట్టి తీస్తే వేళ్లకు తెల్లటి బూడిద అంటింది. సున్నం కాదు, పిండి కాదు.

కింద బండ సందులో చీమల బారు పోతోంది. నాలుగేసి చీమలు కలిసి ఒక్కో తెల్లటి చదునైన గింజను మోస్తున్నాయి. హిమబిందు చాలాసేపు ఆ బారును చూసింది. పెద్దింటి పెళ్లి ఊరేగింపులా అవి తొందరపడకుండా పోతున్నాయి.

ఆమె ఏసన్నను పిలిపించింది. దావీదురాజు సాక్షే ఆమెకు కావలసివచ్చాడు. ఈరన్న సంగతి అడుగుతుందనుకుని అతను ముందే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మంగళవారం సాయంత్రం మీ మేకలు ఈడ ఏం తినినాయప్పా?" అని అడిగింది.

ఏసన్న బిత్తరపోయాడు. రెండు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న. "బూడిదగుమ్మడి తొక్కలు తినినాయి మేడం. గుట్ట మీద గుమ్మడి యాడ కాసినాదా అని నేనూ అనుకుంటి. శానా పెద్ద కాయ అయ్యుంటాది."

ఆ కాయ ఆరు కిలోలకు తక్కువ ఉండదని వాసుదేవ్ గొణిగాడు. ఏడు కిలోల తోకకు ఆరు కిలోలు వేలాడితే, గాలి ఎత్తలేకపోయింది. తోక లేవలేదు, ముడుచుకోలేదు. యంత్రంలో లోపం లేదు, మనిషిలో ద్రోహం లేదు. దావీదురాజు తన పుస్తకంలో 'రక్తం?' అన్న మాటను నిదానంగా కొట్టేశాడు.

ఈరన్న భార్య హంపమ్మ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. రెండూ ఇరవైకి వాళ్లు పోయేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించిన ఆనవాలు లేదు. హిమబిందు మగవాళ్లిద్దరినీ బయటే ఆపి, తానొక్కతే పోయి ఆమె పక్కన కూర్చుంది. గుమ్మడికాయ మాట ఎత్తలేదు. నువ్వు అన్నం తిన్నావో లేదో ఈరన్న కనుక్కోమన్నాడని మాత్రం చెప్పింది.

అంతే. రెండు రోజులుగా బిగబట్టుకున్న మనిషి ఒక్కసారిగా ఏడ్చేసింది. హిమబిందు ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆ ఏడుపు తగ్గేదాకా ఊరికే కూర్చుంది. ఇలాంటప్పుడు ప్రశ్నలు అడిగేవాళ్లు డిటెక్టివులు కారు, మూర్ఖులు.

శనివారం వచ్చిన పద్నాలుగు మంది ఫ్యాను చుట్టూ తిరిగారట. ఫొటోలు తీశారట. ఇంత చక్కటిది ఎక్కడా చూడలేదన్నారట. హంపమ్మకు ఆ రాత్రంతా నిద్రలేదు. ఆ ఫ్యాను రాకముందు పదహారేళ్లు ఆమె రెండు మైళ్ల అవతల నుంచి బిందెలు మోసింది. ఆదివారం పొద్దున గాలి లేనప్పుడు నూనె పోయడానికి స్తంభాన్ని దించారు. మగవాళ్లు బువ్వకు పోయినప్పుడు, కాయకు పసుపూ కుంకుమా పెట్టి, ఉట్టిలో వేసి, తోక కొసన కట్టేసింది. తిరిగొచ్చి లేపేటప్పుడు ఈరన్నది తాడు దగ్గర పని, తల పైకెత్తే తీరిక లేదు.

"అంతమంది కండ్లు పడినాయి గదమ్మా. బిడ్డకయితే బుగ్గన సుక్క పెడతాము. దానికి యాడ పెట్టేది? రెక్కలకు కడితే తిరగదు. తోకకయితే ఏమీ కాదులే అనుకుంటి."

సోమవారమంతా గాలి నెమ్మదిగా ఉంది, ఏమీ కాలేదు, ఈరన్న కూడా కింద పెట్టె చూసుకుని వచ్చాడే గాని తోక వైపు చూడలేదు. మంగళవారం గాలి లేచింది. గుట్ట మీద ఈరన్న తల పైకెత్తి చూసి, ఉట్టిని గుర్తుపట్టాడు. స్విచ్చి లాగాడు, చెయ్యి కాలింది, ఆగలేదు. కాయ తీసేయాలని, చేయకూడని పని అని తెలిసీ స్తంభాన్ని దించబోయాడు. అంతా ముగిశాక ఇంటికొచ్చి, భార్య నోరు మూయించాడు. నోరు తెరిస్తే తాను చచ్చినంత ఒట్టన్నాడు. ఆగిపోయిన ఊరి నీళ్లకు, కేశవయ్య శెట్టి కొడుకుకు పోయిన పేరుకు, అన్నిటికీ హంపిని అంటారని అతని భయం. తనను జైలుకు పంపినా పర్వాలేదు, దాన్ని ఒక్క మాట అనకూడదు.

గడప అవతల దావీదురాజు అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయని హిమబిందు గమనించింది.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. అలవాటు కొద్దీ అడిగింది, అంతే. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని.

"పుల్లమ్మకు కాయ కట్టిన మాటొక్కటే సెప్పినా," అంది హంపమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "శెట్టిగారి ఆమె. బుధవారం నన్ను సూడను వచ్చింది. నేను కాయ కట్టినాక కూడా ఇట్లయిందమ్మా అంటే, ఆయమ్మ అనింది గదా, నువ్వు కట్టినా నిలవలేదంటే ఆ దిష్టి ఎంత పెద్దదో, మంత్రాలయం ఫ్యానుకు నేను రేపే కడతా అని."

హిమబిందు లేచి నిలబడింది.

మంత్రాలయం దారిలో కేశవయ్య కట్టించిన సత్రం ఒకటుంది. దాని వెనక పెరట్లో వాసుదేవ్ పెట్టిన రెండో గాలిమర. స్తంభం పక్కనే రేకుల పందిరి, అందులో యాత్రికులకు అన్నం పెడతారు. ఈరోజు గురువారం. అందులోనూ అమావాస్య. రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చే జనం మూడు వందలకు తగ్గరు.

వాసుదేవ్ ఫోన్ చేస్తే కర్నూలు ఇంట్లో పనిమనిషి వరమ్మ ఎత్తింది. అమ్మగారు తెల్లారకముందే ఇద్దరు మనుషులను, గుమ్మడికాయను తీసుకుని కారులో పోయారంది. సెల్లు ఇంట్లోనే మరిచిపోయారంది. సత్రం నంబరు మోగి మోగి ఆగిపోయింది. వడ్డనల వేళ, ఎవరెత్తుతారు. హిమబిందు గడియారం చూసుకుంది. రెండూ యాభై ఐదు. వీధిలో దుమ్ము లేస్తోంది.

తన దగ్గరున్న కుర్రాళ్లు గాలి లేనప్పుడు దించడమే నేర్చుకున్నారని, ఉధృతంగా లేచిన గాలిలో దాని దగ్గరికి పోయి వచ్చినవాడు ఈరన్న ఒక్కడేనని వాసుదేవ్ అన్నాడు. అమ్మ అక్కడే ఉందన్న మాట మాత్రం పైకి అనలేక, తన కారులో నేరుగా మంత్రాలయం వైపు పోయాడు.

దావీదురాజు అప్పటికే జీపు స్టార్టు చేశాడు. "ఎక్కు బిందూ. వాడిని లోపల వేయించింది నా లెక్కే. బయటికి తెచ్చేది కూడా నేనే," అన్నాడు. హంపమ్మను వెనక ఎక్కించి, హిమబిందు అతని పక్కన కూర్చుంది. పన్నెండు కిలోమీటర్లూ గుంతలు వచ్చినప్పుడల్లా అతను ఆమె ముందు చెయ్యి అడ్డం పెట్టాడు.

స్టేషన్లో కేశవయ్య కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ముందే వచ్చి కూర్చున్నాడు. తెల్లటి పంచె, నొసట విభూతి, ముఖంలో తాను మంచిపనే చేస్తున్నానన్న మొండితనం. దావీదురాజు అతని ముందు నిలబడి జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పాడు. ఐదో మాటగా పుల్లమ్మ ఎక్కడుందో చెప్పాడు. వింటూనే ఎస్సై మంత్రాలయం స్టేషనుకు ఫోన్ చేసి, సత్రం దగ్గరికి కానిస్టేబుళ్లను పంపమన్నాడు.

ముసలాయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు వంకరటింకరగా రాసి సంతకం పెట్టి, తానే లాకప్పు దగ్గరికి నడిచాడు.

"ఈరన్నా, తప్పు నాది. నా కొడుకును కాపాడుకోవాలని నిన్ను బలిపెట్టినా. ఇప్పుడు మా ఆడమనిషి ఆ స్తంభం కింద ఉండాది. నువ్వు తిడితే పడతా, కానీ రా."

తలుపు తెరుచుకుంది. ఈరన్న శెట్టిని చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ హంపమ్మను చూశాడు.

"సెప్పినావా?"

"సెప్పినా."

అతనికి కోపం వస్తుందేమోనని హిమబిందు చూసింది. రాలేదు. రెండు రోజుల బరువు దిగినట్టు భుజాలు వాలాయి. వెంటనే పనిలో పడ్డాడు. నూరు అడుగుల తాడు కావాలన్నాడు. దించకూడదని మొన్న తనకు బాగా తెలిసొచ్చిందని, తాడు తోక మీదికి విసిరి పక్కకు గుంజి పట్టుకుంటే ఫ్యాను గాలికి ముఖం తిప్పుతుందని చెప్పాడు. ఒక కాయ బరువయితే ఐదుగురు మనుషులు గుంజగలరన్నాడు. ఎస్సై ఐదుగురు కానిస్టేబుళ్లను పిలిచాడు.

ఎస్సై సెల్‌ఫోన్ మోగింది. సత్రం దగ్గరికి పోయిన మంత్రాలయం కానిస్టేబుల్. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాడు. జనాన్నంతా పందిట్లోంచి రోడ్డు దాటించామన్నాడు కానిస్టేబుల్. ఒక్క పెద్దావిడ మాత్రం స్తంభం మొదట్లోనే దీపం పెట్టుకుని కూర్చుంది. దిష్టి దిగేదాకా లేవనంటోంది. దగ్గరికి పోదామంటే పైన అది చేసే శబ్దానికి తమవాళ్లు జంకుతున్నారు.

ఆ శబ్దం ఫోన్లో కూడా వినపడుతోంది. తెగని విజిలు లాంటి కూత. ఈరన్న ముఖం చూస్తే అదెంత వేగమో హిమబిందుకు అర్థమైంది.

ఫోను ఆయమ్మ వైపు చాపమనండి అని హంపమ్మ ముందుకొచ్చింది. ఈరన్న చెయ్యి అడ్డం పెట్టబోయాడు. శెట్టి ఉన్నాడు, పోలీసులున్నారు, ఊరు ఊరంతా రేపటికి చెప్పుకుంటుంది. ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకు తీసింది. కట్టు కట్టిన చెయ్యి కాబట్టి మరీ మెల్లగా తీసింది.

"పుల్లమ్మా, నేను హంపిని. దిష్టి కాదమ్మా. నా కాయే దాన్ని కూల్సింది. బరువుకు తోక లేయలేదంట. నేనే కట్టినా, నా సేతులతో. నువ్వు లేసి ఇవతలికి రా తల్లీ."

కేశవయ్య ఫోను దగ్గరికి వంగాడు. అటువైపు నుంచి, గాలి మోతలో, పుల్లమ్మ గొంతు వచ్చింది, చిన్నపిల్ల గొంతులా.

"నీ ఒక్క కాయకు నిలవలేదంటివని, నేను రెండు కట్టించినా హంపమ్మా."

ఈరన్న తాడు భుజాన వేసుకుని జీపు వైపు పరిగెత్తాడు.